జెద్దా విమానం, జమాలుద్దీన్ లెక్క

జమాలుద్దీన్ ఇరవై ఏళ్లుగా దేవరయాంజాల్ గోదాముల్లో డీసీఎం లారీ నడుపుతున్నాడు. ఎవరు చెప్పిన టైమునూ నమ్మడు. దూరాన్ని వేగంతో భాగిస్తాడు, అంతే. ఆ ఉదయం శామీర్‌పేటలో తన ఇంటి ముందు కూర్చుని, జెద్దాలో పనిచేసే బావమరిది మునావర్ పంపిన టికెట్టును ఫోన్లో చూస్తూ అదే పని చేశాడు.

జెద్దాలో ఎక్కేది పొద్దున ఎనిమిదికి. హైదరాబాదులో దిగేది నాలుగింటికని రాసి ఉంది.

"నాలుగు వేల చిల్లర కిలోమీటర్లు. ఐదున్నర గంటలల్ల దిగాలె, అంటే ఒకటిన్నర. గీ టికెటోళ్లు సుత మా గోదామోళ్ల లెక్కనే. మాట రావద్దని ఎక్కువ రాస్తరు," అన్నాడు.

అతని భార్య జహేదాకు విమానం కన్నా బిర్యానీ మీదే బెంగ. కిందటిసారి మునావర్ వచ్చేసరికి బిర్యానీ చల్లారిపోయింది. "మా చెల్లె ఇంట్ల ఉడుకునీళ్లు సుత సల్లగుంటయ్" అని ఆయన అప్పటినుంచీ చుట్టాలందరిలో చెప్పి నవ్విస్తున్నాడు. ఆమె మనసు చివుక్కుమంది. మూతకు పిండి పూసి దమ్ పెట్టే బిర్యానీ దేగ్‌ను ఈసారి అన్న గడప దాటాకే తెరవాలని పంతం పట్టింది.

"మూడింటికి పక్కా వస్తరా?"

"పక్కా. దమ్ పెట్టెయ్."

విమానాశ్రయం బయట ఒకటిన్నర దాటింది, రెండున్నరా దాటింది. మునావర్ రాలేదు. ఫోను స్విచాఫ్. ఎవరినైనా అడగొచ్చు గానీ, సొంత లెక్క మీద నమ్మకం జమాలుద్దీన్‌ను అడగనివ్వలేదు. ఇంటికి ఫోన్ చేశాడు.

"పరేషాన్ గాకు. విమానం దిగే టైమైపోయి గంటైంది. ఏడున్నదో తెలుస్తలేదు."

అలా చెప్పాక పరేషాన్ కాకుండా ఎవరుంటారు? జహేదా వాకిట్లో కూలబడి ఏడ్చింది. పక్కింటి మైసమ్మ పరుగెత్తుకొచ్చి సంగతి విని, గల్లీ అంతా చెప్పొచ్చింది. చేపలమ్మే భిక్షం బుట్ట దించేసి వచ్చాడు. చూస్తుండగానే వాకిలి నిండిపోయింది. అందరి కళ్లల్లో నీళ్లే.

పెరట్లో దేగ్ అడుగంటిన వాసన మొదలైంది.

"జహేదా, మాడుతాంది. మూత తియ్యనా?" అంది మైసమ్మ ముక్కు చీదుతూ.

"అన్నే రాకపాయె, నాకెందుకు మైసక్కా గా బిర్యానీ? అందరికి పెట్టు!"

ఏడ్చి అలిసిపోయినవాళ్లు కాదనలేకపోయారు. భిక్షం రెండోసారి పెట్టించుకుంటూ మునావర్ ఎంత మంచివాడో చెప్పాడు. అతను మునావర్‌ను ఎన్నడూ చూసి ఎరగడు.

నాలుగింటికి దిగిన మునావర్ కాసేపటికి ట్రాలీ తోసుకుంటూ బయటికొచ్చాడు.

"ఇంత లేటేంది భాయ్?"

"లేటేడిది? టైంకే దిగిన. జెద్దా గడియారం మనకన్న రెండున్నర గంటలు ఎనకుంటది, ఎరుక లేదా?"

జమాలుద్దీన్ గబగబా జేబులోంచి ఫోన్ తీశాడు. ఇంటికి చేస్తే ఎవరూ ఎత్తలేదు.

వాకిట్లో అన్న కనబడగానే జహేదా కెవ్వున అరిచి ఆయన్ను పట్టుకుని బావురుమంది. మైసమ్మ ఆయన చేతులు తడిమి చూసింది. తనకోసం గల్లీ అంతా ఏడ్చిందని తెలిసి మునావర్ కళ్లూ చెమ్మగిల్లాయి. ఆ తర్వాత ఆకలేస్తోందన్నాడు. దేగ్‌లో మాడు తప్ప మరేం లేదు.

జహేదా సిగ్గుతో చచ్చిపోతూ నాలుగు రొట్టెలు కాల్చింది. గుడ్లు పొరటు చేసి పెనం మీంచి నేరుగా పళ్లెంలో వేసింది. మొదటి ముద్దకే మునావర్ నాలుక కాలింది.

"అబ్బ, మస్తు ఉడుకుంది! ఇగ గా మాట ఎన్నడు అనను చెల్లె!"

పొద్దుటినుంచి జహేదా నవ్వడం అదే మొదలు.

జమాలుద్దీన్ మాత్రం తిరుగు టికెట్టు చూస్తున్నాడు. ఇక్కడ పదింటికి ఎక్కితే జెద్దాలో ఒంటిగంటకే దిగడం. వేళ్ల మీద మూడు గంటలు లెక్కేసి తల పంకించాడు.

"సరుకు దించినంక ఖాళీ బండి గదా," అన్నాడు, "జల్దీనే పోతది."