చావనంటే చావనన్న పెళ్ళి డిస్కు

ఆ ఆదివారం చెల్లసామి వేసుకున్న పథకం చాలా చిన్నది. వేటమాంసం తేవాలి, తినాలి, పడుకోవాలి. వారమంతా వేరుశెనగ మిఠాయి పాకం ముందు నిలబడి ఉడికేవాడికి సెలవునాడు అంతకంటే పెద్ద ఆశలు ఉండవు. కోవిల్‌పట్టిలో అతని మిఠాయి తయారీ చిన్నదే గానీ, పాకం పదును చూడడంలో అతన్ని మించినవాడు లేడని ప్రతీతి. ఆ ప్రతీతిని అతనే పుట్టించాడు. ఇంకెవరూ ముందుకు రాకపోవడంతో ఆ శ్రమ కూడా అతని మీదే పడింది.

మాంసం సంచితో ఇంట్లోకి అడుగు పెట్టేసరికి భార్య నాగమ్మాళ్ ఫోను స్పీకర్‌లో పెట్టుకుని ముక్కు చీదుతోంది. అవతల విరుదునగర్ నుంచి ఆమె పెద్దన్న మురుగేశన్.

“కొత్తింట్లో పాలు కాంచేదానికి ఇంటి ఆడబిడ్డ లేకుంటే ఎట్లన్నా?”

“ఎట్లనా? నా పెండ్లాము చెల్లెలు వచ్చి కాంచుతుంది. నీ మొగుణ్ణి అడుగు, మొదటి మాల ఎవరికి ఏసెనో!”

మురుగేశన్ విరుదునగర్‌లో కొత్త ఇల్లు కట్టాడు. వచ్చే వారం గృహప్రవేశం. కొత్త పొయ్యి మీద మొదటి పాలు పొంగించవలసింది తోడబుట్టిన ఆడది. ఆ పాలు పొంగించాలని నాగమ్మాళ్ పునాది రాయి పడ్డనాటి నుంచి కలలు కంటోంది. కానీ నాగమ్మాళ్ కూతురు బృంద పెళ్ళైన దగ్గర్నుంచి అతను చెల్లెలి గడప తొక్కలేదు. కారణం ఒక పూలమాల. పెళ్ళికూతురి మేనమామలకు మాల వేసి మర్యాద చేసే వేళ, మొదటి మాల పెద్దవాడైన తనకు వేయకుండా తమ్ముడు తంగరాజ్ మెడలో వేశారని అతని అభియోగం. మనుషులు ఎకరం పోయినా ఓర్చుకుంటారు, మాల వరుస తప్పితే ఓర్చుకోరు. ఆ మాలను ఆ సాయంత్రమే మేక తిని అరిగించుకుంది. చుట్టాలకు మాత్రం ఇంకా అరగలేదు.

నిజం చెప్పాలంటే మొదటి మాల తంగరాజ్‌కే పడింది. మేళం చెవుల్లో మోగుతుండగా ఎదురుగా కనబడిన మెడలో చెల్లసామి వేసేశాడు. పెద్దబావ ఆ క్షణాన ఎక్కడున్నాడో అతనికి ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు. కానీ భార్య కళ్ళనీళ్ళు చూసేసరికి నోరు దానంతటదే తెరుచుకుంది.

“బావా, నేను చెల్లసామి మాట్లాడతా ఉండా. మొదటి మాల మీకేదా ఏస్తిని. వీడియో ఉండాది. వచ్చి మీ కండ్లతో చూడండి!”

ఇంత ధైర్యం ఎక్కడిదంటే, ఆ వీడియో ఉన్న హార్డ్ డిస్కు చచ్చిపోయి చాలా రోజులైంది. బల్ల మీది బొద్దింకను చెప్పుతో కొట్టబోయి, దాన్ని వదిలేసి డిస్కును కింద పడేసింది చెల్లసామే. అప్పటినుంచి కంప్యూటర్‌కు తగిలిస్తే అది టక్, టక్ అని మూలగడమే తప్ప ఏమీ చూపించదు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. వీడియో తీసినవాడు పాటలు అతికించిన చిన్న ముక్క వేరే ఇచ్చాడు గానీ, అందులో కొత్త దంపతులు పత్తిచేలో పరుగెత్తడమే తప్ప మేనమామలు లేరు. మొత్తం పెళ్ళి ఉన్నది ఈ డిస్కులోనే. తన దగ్గరున్నది చెరిపేశానని ఆ వీడియోవాడు ముందే చేతులు దులుపుకున్నాడు. ఇంత గట్టిగా వీడియో చూడమనేవాడు అబద్ధం ఆడడని బావ నమ్మి మెత్తబడతాడని చెల్లసామి లెక్క.

“సరి, ఇప్పుడే బస్సెక్కతా,” అన్నాడు మురుగేశన్. “నువ్వు చెప్పినట్టే ఉంటే ఆడనే పత్రిక పెట్టి పిలుస్తా. లేకుంటే ఇంగ మనకి మాటే లేదు.”

ఫోను పెట్టీపెట్టగానే నాగమ్మాళ్ డిస్కు కోసం బీరువా తెరిచింది. పుదూరులోని అత్తగారింటి నుంచి చూడ్డానికి వచ్చిన బృంద దాన్ని కంప్యూటర్‌కు తగిలించింది. టక్, టక్.

“నాయనా, ఇది చచ్చిపోయి ఉండాది!”

“అయ్యయ్యో! నిన్నదాకా బాగుండె కదా!” అన్నాడు చెల్లసామి. గుండె మీద చెయ్యి కూడా వేసుకున్నాడు.

బావ వస్తాడు, శవాన్ని చూస్తాడు, తన మాట నమ్ముతాడు, అంతే కదా అని అతను లోలోపల తేలికపడ్డాడు. నాగమ్మాళ్ తేలికపడలేదు. మాంసం సంచి తీసుకుపోయి ఫ్రిజ్‌లో కుక్కి తలుపు వేసింది.

“అన్న వచ్చేలోపల దీనికి ప్రాణం రావాల. ప్రాణం వచ్చినాకేదా కూర. రాకుంటే అందరికీ గంజి.”

“మదురైలో దీనికని కడలు ఉండాయమ్మా. ఎట్లైనా తీసిస్తారంట,” అంది బృంద.

దుకాణం మాట వినగానే చెల్లసామి ఉలిక్కిపడ్డాడు. “కడకా! మన ఇంటి పెండ్లి ఊరోళ్ళంతా చూడాల్నా? ఏమీ వద్దు. ఇంట్లోనే నేను చేస్తా. పాకం పదును తెలిసినోడికి ఇదేమి పెద్దదా?”

“అయితే ఏమేమి చెయ్యకూడదో విను,” అని బృంద ఫోనులో వెతికి చదివింది. “ఫ్రీజర్‌లో పెట్టకూడదు. తట్టకూడదు. మూత తియ్యనే కూడదు. ఇవి చేస్తే ఇంగ ఎవరివల్లా కాదంట.”

ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టిన చెల్లసామికి జీవితంలో మొదటిసారి ఒక పాఠం ఒక్కసారి వింటేనే నోటికి వచ్చేసింది. చదువు మీద ఇష్టం ఎప్పుడు పుడుతుందో ఎవరు చెప్పగలరు.

తల్లీకూతుళ్ళు కాఫీ తాగడానికి వంటింట్లోకి పోగానే డిస్కు సంచీ గుడ్డా లేకుండా ఫ్రీజర్‌లోకి చేరింది. పైన మాంసం సంచి బరువు కూడా పెట్టాడు. కొంతసేపటికి మాంసం మీద మనసు మళ్ళి నాగమ్మాళ్ ఫ్రీజర్ తెరిచి పెట్టిన కేకకు పక్కింటి పేచ్చియమ్మాళ్ పరుగెత్తుకొచ్చింది. ఆ వీధిలో ఎవరింట్లో ఏది పోయినా మొదట తెలిసేది ఆవిడకే.

“ఏమి తమ్ముడూ, వేటకూరలో ఇది ఏంటికి?”

“సూడు సూడు కాలతా ఉండెనక్కా. చల్లబడనీ అని పెడితిని.”

“తడి పట్టి ఉండాది చూడు. నా సెల్లు నీళ్ళతొట్లో పడితే బియ్యంలో పెడితిని, మళ్ళా పలికె. బిన్నె బియ్యంలో పెట్టు!”

తడి మీద పిండి కూడా పడితే ఇంకా మంచిదనుకుని చెల్లసామి తానే బియ్యం డబ్బాలో లోతుగా పాతిపెట్టాడు. బయటికి తీసి తగిలించారు. టక్, టక్ లేదు. గుర్ర్‌మని తిరిగింది. తెరమీద డిస్కు పేరు వచ్చింది.

“నాయనా, పేరు వచ్చె!” బృంద చప్పట్లు కొట్టింది. నాగమ్మాళ్ భర్త వైపు పెళ్ళైన కొత్తలో చూసినట్టు చూసింది. ఆ చూపు కోసం మామూలు రోజుల్లో అయితే అతను ఏమైనా ఇచ్చేవాడు.

“పేరొస్తే చాలునా? లోపలిది రావద్దా?” అని చెల్లసామి మిఠాయి పరిచే కట్టె రోలరు తెచ్చాడు.

“తట్టకూడదంటిని కదా నాయనా!”

“సుమ్మా దుమ్ము రాల్చేదానికి.”

అచ్చు మీద పాకం గట్టిపడిందో లేదో చూసేవాడిలా కాదు, పాము తల మీద వేసినట్టు వేశాడు. డిస్కు ఒకసారి వణికి, గొంతు సవరించుకుని, తెరమీద పెళ్ళి ఫోల్డర్లన్నీ వరసగా విప్పి పెట్టింది. “మీ చేతిలో ఏమో ఉండాది,” అని నాగమ్మాళ్ దిష్టి తీసేసింది. సరిగ్గా అప్పుడే మురుగేశన్ ఫోను.

“చాత్తూరు దాటినా. బృందకి తినేదానికి ఆడ సేవు వాంగినా. వీడియో తయారా?”

“తయారన్నా! మీ మాప్పిళ్ళె ప్రాణం పోసేసినారు!”

మాప్పిళ్ళెకు, అంటే ఆ ఇంటి అల్లుడు చెల్లసామికి, చెమట పట్టింది. ఫైలు నొక్కితే ఇంకా తెరుచుకోవడం లేదన్నది ఒక్కటే అతనికి మిగిలిన ఆధారం. మూడో పాఠం మిగిలే ఉంది. “లోపల దుమ్ము ఉండాది. మూత తీసి ఊదితే సరి,” అన్నాడు.

“వద్దే వద్దు!” అంది బృంద.

“తీయాల్నా వద్దా అని జక్కమ్మనే అడుగుదాము,” అంది నాగమ్మాళ్. వాళ్ళింట్లో పిల్ల సంబంధమైనా, బోరు తవ్వకమైనా ఇలవేల్పును అడిగే పద్ధతి ఇదే. ఒక పొట్లంలో తెల్లపువ్వు, ఇంకొకదానిలో ఎర్రపువ్వు కట్టి దేవి పటం ముందు వేస్తారు. తెల్లది చేతికొస్తే ముట్టకూడదు, ఎర్రది వస్తే అమ్మ సరేనన్నట్టు.

“పొట్లాలు నేను కడతా,” అని చెల్లసామి భక్తితో లేచాడు. పెరట్లో మందార చెట్టు దగ్గర దేవి కంటే తనకే ఎక్కువ తెలుసనుకున్నాడో ఏమో, రెండింటిలోనూ ఎర్రపువ్వే కట్టాడు.

పేచ్చియమ్మాళ్ కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. ఎర్రది. “అమ్మ సరే అనె!” అని చెల్లసామి రెండో పొట్లం మీద చెయ్యి వేసేలోపే, ఆవిడ దాన్నీ విప్పేసింది. అదీ ఎర్రదే. బృంద తండ్రి ముఖంలోకి చూసింది. తండ్రి పటం వైపు చూశాడు.

పేచ్చియమ్మాళ్ రెండు చేతులూ చెంపలకు వేసుకుంది. “నా వయసులో ఇట్ల చూసిందే లేదే! అమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పె! ఇంగ ఆపితే అపచారం!”

తగిన స్క్రూడ్రైవరు లేదు. మిఠాయి కోసే కత్తితోనే మూత పెకిలించాడు. లోపల అద్దంలాంటి పళ్ళెం. అందులో అతని ముఖమే కనబడింది. అది అతనికి అంతగా నచ్చలేదు. దాని మీద గట్టిగా ఊదాడు. ఊదుడులో ఊపిరి కంటే ఉమ్మే ఎక్కువ. పేచ్చియమ్మాళ్ చిటికెడు విభూతి కూడా చల్లబోతే, బృంద చెయ్యి పట్టుకుని ఆపింది. ఆపినందుకు తండ్రికి ఎంత బాధ కలిగిందో ఆ పిల్లకు తెలియదు.

బృంద మూత అదిమి, తగిలించి, ఫైలు నొక్కింది. మేళం మోగింది. తెరమీద అరటిచెట్లు కట్టిన కల్యాణ మండపం, పన్నీరు చల్లుతూ పేచ్చియమ్మాళ్, అన్నీ పూసగుచ్చినట్టు వచ్చాయి. ఆడవాళ్ళు ముగ్గురూ కేరింతలు కొట్టారు. చెల్లసామి కుర్చీలో కూలబడ్డాడు. ఇంత మొండిప్రాణం అతను చుట్టాల్లో కూడా చూడలేదు.

“ఏమి మాప్పిళ్ళె, వీడియో ఆడతా ఉండాదా?” గుమ్మంలో మురుగేశన్. భారీ మనిషి. చేతిలో సేవు పొట్లం, చంకలో పసుపు సంచి, సంచిలోంచి తొంగిచూస్తున్న ఆహ్వాన పత్రికలు. లోపలికి వచ్చి నీళ్ళయినా తాగకుండా తెర ముందు కూర్చున్నాడు. “మొదట మాల. తర్వాతదా అన్నీ.”

“బావా, నేను పోయి సోడా తెస్తా…”

“ఆడనే కూర్చో.”

బృంద వీడియోను ముందుకు జరిపింది. వచ్చింది వేదిక కాదు, భోజనశాల. మొదటి వరసలో మొదటి ఆకు ముందు మురుగేశన్. వెనక మైకులో ఎవరో పిలుస్తున్నారు: పెళ్ళికూతురి పెద్ద మేనమామ మురుగేశన్ వేదిక మీదికి రావాలి. తెరమీది మురుగేశన్ ఆ మాట విన్నాడు. విన్నట్టు తల కూడా ఎత్తాడు. ఎత్తి, వడ్డించేవాణ్ణి పిలిచి అప్పళం అడిగాడు. మైకు మళ్ళీ పిలిచింది. అతను పాయసం వైపు వేలు చూపించాడు. మైకు గొంతు చించుకుంది. అతను అప్పళం పాయసంలో నలుపుకున్నాడు.

మురుగేశన్ మెడ మీద ఎరుపు చెవులదాకా ఎక్కింది. చెల్లసామికి అంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఆరోజు మాల చేతబట్టుకుని మునివేళ్ళ మీద నిలబడి, ఈ బావ కోసమే కదా తను గుంపంతా వెతికింది! తప్పు తనది కానే కాదు. తెరమీద ఇప్పుడు వేదిక వచ్చింది. మాల పట్టుకుని కుడివైపు, ఎడమవైపు చూస్తున్న తనూ కనబడ్డాడు. ఎదురుగా తంగరాజ్ మెడ వంచాడు. మాల లేచింది.

మురుగేశన్ ‘సోడా నేనే తెస్తా’ అంటూ దిగ్గున లేచాడు. ఎట్లా జరిగిందో, కాలు వైరుకు తగిలింది. డిస్కు బల్ల మీద నుంచి ఎగిరి, గచ్చు మీద పడి, మూత ఒకవైపు, పళ్ళెం ఒకవైపు అయింది. తెరమీద మాల ఎవరి మెడలోనూ పడకుండా గాలిలోనే ఆగిపోయింది.

“అయ్యయ్యో!” అన్నాడు మురుగేశన్. ఆ దుఃఖం ఎలాంటిదో చెల్లసామికి పొద్దున్నుంచీ బాగా అలవాటు.

‘చూస్తిరా, ఆకు ముందు కూర్చుని నన్నా అంటిరి!’ అన్న మాట చెల్లసామి నాలుక చివరికి వచ్చింది. ఇన్నాళ్ళు పడ్డ నిందకు అది ఒక్కటి అంటే చాలు, చల్లారిపోతుంది. అప్పుడే నాగమ్మాళ్ కనబడింది. ఆమె చూపు డిస్కు మీద లేదు, అన్న ముఖం మీదా లేదు. పసుపు సంచి మీద ఉంది. చెల్లసామి ఆ మాటను మింగేశాడు. పాకం మరిగేటప్పుడు నాలుక కాల్చుకున్నంత కష్టంగా మింగాడు.

“పోతే పోనీ బావా. చూస్తిరి కదా, మాల మీ పక్కకేదా వస్తా ఉండె.”

మురుగేశన్ పసుపు సంచి తీసి బల్ల మీద పెట్టాడు. “చూస్తిని మాప్పిళ్ళె,” అన్నాడు నెమ్మదిగా. “నా పక్కకేదా. నేనేదా తప్పుగా అనుకుంటిని.”

కూర ఉడికింది. ఆకులు పడ్డాయి. నాగమ్మాళ్ అన్న ముందుకు వచ్చి చాలా మర్యాదగా అడిగింది. “అన్నా, అప్పళం ఇంగొకటి ఏద్దునా? ఎవరూ పిలవలేదు, నిదానంగా తిను.”

మురుగేశన్ ఆకులోంచి తల ఎత్తలేదు. చెయ్యి కడుక్కున్నాక తాంబూలంతో పత్రిక పెట్టి, “పాలు నువ్వేదా కాంచాల, తల్లీ. వేరెవరు ముట్టినా ఒప్పుకోను,” అన్నాడు. నాగమ్మాళ్ పత్రికను కళ్ళకద్దుకుంది. కళ్ళు తుడుచుకోవడం కూడా ఆ కొంగుతోనే అయిపోయింది.

బృంద విరిగిన ముక్కలు ఏరి కవరులో వేసింది. “నాయనా, మామా, తిరుప్పూరులో కూడా పెద్ద కడ ఉండాదంట. పళ్ళెం పగల్లేదు, వాండ్లు తీసిస్తారు. ఆడనే ఉండే సిన్న మామ తంగరాజ్‌కి పంపుదామా?”

“వద్దు!” అన్నారు చెల్లసామీ మురుగేశనూ.

ఆ ఇద్దరూ ఒకే మాట మీద నిలబడడం ఆ కుటుంబంలో అదే మొదలు.