మంచి క్యాన్ శాంపిల్

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఒత్తులు అక్కడక్కడ తప్పుతాయి, చేయి మెల్లగా నడుస్తుంది. చదివేవాళ్లు మన్నించాలి.

ఆ ఉదయం మొగులయ్య అనుకున్న పని చిన్నది. పాలు పిండటం కాగానే డాక్టరు పంపే మనిషికి చేయి చాపి ఇంత రక్తం ఇవ్వాలి. ఆ తర్వాత బాద్షాను కడగాలి. బాద్షా ఆయన దున్నపోతు. దీపావళి వెళ్లగానే వచ్చే సదర్ పండుగకు దానికి నూనె రాసి, దండలు వేసి, డప్పుల మధ్య వీధిలో నడిపించి, ముందుకాళ్లు ఎత్తించి నిలబెట్టడం చాంద్రాయణగుట్టలో ఆ ఇంటి పరువు. తాడు పట్టేది మొగులయ్యే. ఆయన పొట్ట, బాద్షా పొట్ట పోటీ పడుతూ వస్తుంటే చూడటానికి సైదాబాద్ నుంచి కూడా జనం వచ్చేవారు.

ఇది 2004 నాటి మాట. అప్పటికి కొంతకాలంగా మొగులయ్యకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. భార్య సావిత్రి పోరు పడలేక చౌరస్తాలోని డాక్టర్ శ్రీహరిరావు క్లినిక్‌కు వెళ్లాడు. డాక్టరుగారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినాయన, మాట మెత్తన.

"ఒంట్లో కొవ్వు ఊరికే కూర్చోదండీ. దానివల్ల రక్తంలో కొన్ని ప్రొటీన్లు పెరుగుతాయి. అవి పెరిగాయంటే రక్తనాళాలు లోపల్లోపల వాస్తున్నట్టు గుర్తు. గుండెపోటు రాకముందే కొంత కబురు చెప్తాయి. ఓసారి చూద్దాం. ఎక్కువగా ఉంటే మాత్రం ఈ ఏడు మీ దున్నపోతు వెంట పరుగులు వద్దు."

మొగులయ్య చెవిలో పడింది ఆ చివరి మాట ఒక్కటే.

పాల వ్యాపారంలో పుట్టి పెరిగిన మనిషికి శాంపిల్ అంటే ఏమిటో ఒకరు చెప్పనవసరం లేదు. పాల ఇన్‌స్పెక్టర్ వస్తే ఏ క్యాన్ మూత తీయాలో, దేని మీద గోనెపట్టా కప్పాలో ఆ కొట్టంలో అందరికీ తెలుసు. నీళ్లు తగలని మంచి క్యాన్ ఒకటి ఎప్పుడూ వేరుగా ఉండేది. శాంపిల్ దాంట్లోంచే పోయేది.

రక్తం విషయంలో ఆ ఇంటి మంచి క్యాన్ సాయిలు. సావిత్రి తమ్ముడు. అదే కొట్టంలో పని, పక్క గదిలోనే కాపురం. మనిషి వెదురుకర్రలా ఉండేవాడు. బీడీలు కాల్చేవాడు, టీ తాగేవాడు, రోజంతా క్యాన్లు మోసేవాడు. మోసి మోసి ఎడమ భుజం లాగుతోందని భార్య సత్తెమ్మతో నువ్వుల నూనె రాయించుకునేవాడు. అది ఎవరి దృష్టిలోనూ రోగం కాదు.

"అరే సాయిలూ, నా పేరు మీద జర నువ్వు చెయ్యి చాపుతావురా?"

"ఏంది బావా, సూదంటే భయమైతుందా?"

"సూదికి కాదు, మీ అక్కకు. పరీక్ష తప్పిననుకో, సదర్ నాడు బాద్షాను ఇడిచి నన్ను గుంజకు కట్టేస్తది."

సాయిలు పడీ పడీ నవ్వాడు. "గంతేనా? ఇన్‌స్పెక్టరొస్తే మంచి క్యానే కదా ముంగట పెడ్తం. నేను కూసుంట తియ్యి."

ల్యాబు నుంచి వచ్చిన బాబురావు మొగులయ్యను ఎన్నడూ చూడలేదు. సైకిలు దిగి, "మొగులయ్య ఎవరన్నా?" అన్నాడు. గడ్డివాము మీద కూర్చున్న సాయిలు, "నేనే భాయ్," అని చొక్కా చేయి మడిచాడు.

"పాలోళ్లంటే దొడ్డుగుంటరనుకున్న."

"గట్లనే అందరనుకుంటరు."

రెండు రోజుల తర్వాత డాక్టరుగారు మొగులయ్యను, సావిత్రిని ఎదురుగా కూర్చోబెట్టుకుని కళ్లజోడు తీశారు. ఆ ప్రొటీన్ ఉండవలసిన దానికంటే బాగా ఎక్కువగా ఉందట. "జ్వరం, పుండ్లు ఉన్నా పెరుగుతుందండీ, అందుకని రెండు వారాలాగి మళ్లీ చూద్దాం. ఈలోగా ఈ మాత్రలు వేసుకోండి. నెయ్యి, మీగడ ముట్టుకోవద్దు. పొద్దున్నే నడవండి."

సావిత్రి అక్కడే ఏడుపు అందుకుంది. మొగులయ్యకు ఏడుపు రాలేదు. ఇంటికి రాగానే సాయిలును కొట్టం వెనక్కి లాక్కుపోయాడు.

"ఏం కలిపినవురా నీ రక్తంల?"

"నా రక్తానికేమైంది? గట్టి రక్తం. డాక్టరు నీ బొర్ర జూసి రాసిండు బావా. నీ పేరు పెట్టంగనే నాది గూడ ఖరాబైంది!"

ఇద్దరూ గోడ పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు పేడ ఎత్తుతున్న సత్తెమ్మకు వినిపించింది. ఏమిటో అడుగుదామనుకుంది. చేతిలో తట్ట బరువుగా ఉండి, తర్వాత అడగవచ్చులే అని వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి పాలవాడి ఇంట్లో పాలవాడికి పాలు బంద్. జొన్న గటక, ఆకుకూర. తెల్లవారగానే నడక. వెనకాలే బర్రెలు తోలే కర్ర పట్టుకుని సావిత్రి. ఆగితే కర్ర నేలకు తగిలేది. మాత్ర మింగాక నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించాలి. నిజం చెప్పేద్దామని మొగులయ్య రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ సావిత్రి మాత్ర వేసింది.

ఆయన వాటా మీగడ, నెయ్యి మిగిలిపోతున్నాయి. పారబోసే వంశం కాదు అది.

"సాయిలూ, నువ్వు తిను తమ్మీ. నువ్వన్న జర ఒళ్లు చెయ్యి," అంది సావిత్రి.

"వదినె, ఆయనకు గంత నెయ్యి అరుగుతదా?" అంది సత్తెమ్మ. అందేగాని, అన్నంలో నెయ్యి పోస్తుంటే ఆమె చేయి ఆగలేదు. మొగుడు కడుపు నిండా తిని తేన్చడం పెళ్లయిన ఇన్నేళ్లకు చూస్తోంది. అతని బుగ్గలు కొంచెం నిండాయి. బాగున్నాడు కూడా.

రెండు వారాలకు బాబురావు మళ్లీ వచ్చాడు. "ఏం మొగులయ్య భాయ్, రంగు తేలినవ్!" అన్నాడు. "అక్క చేతి వంట," అన్నాడు సాయిలు చేయి చాపుతూ.

ఈసారి లెక్క ఇంకా పెరిగింది. డాక్టరుగారు కాగితం వైపు, మొగులయ్య వైపు మార్చి మార్చి చూశారు. "మనిషేమో తగ్గారు. రక్తంలో చూస్తే పెరిగింది. ఇదెక్కడి చోద్యమండీ?"

సావిత్రికి మాత్రం చోద్యమేమీ కనిపించలేదు. "దొంగతనంగ తింటున్నవ్ కదా! ఏడ దాసినవ్?" అంటూ గడ్డివామంతా పీకింది. దొరకలేదు. దొరకకపోవడమే ఆమెకు రుజువైంది. నెయ్యి డబ్బాను పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నమ్మకస్తుడైన తమ్ముడి మొలతాడుకు తానే కట్టింది. సదర్ నాడు బాద్షా తాడు కూడా తమ్ముడే పడతాడని అందరి ముందూ తేల్చేసింది. మొగులయ్య గుంజకు కట్టిన దూడలా చూశాడు.

"నాకెందుకక్కా, బావ పట్టుకుంటడు," అన్నాడు సాయిలు. కానీ ఆ రాత్రి కొత్త తలపాగా చుట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. సత్తెమ్మ నూనె గిన్నె తెచ్చింది.

"భుజం రోజూ గుంజుతుందంటున్నవ్. ఆ డాక్టరుకే చూపిస్తే ఏమైతది?"

"ఒక ఇంట్ల ఇద్దరు రోగులా? సదర్ కానీ, పోదాం."

సదర్ నాటి సాయంత్రం డప్పులు మొదలయ్యాక డాక్టరుగారు తానే బయలుదేరి వచ్చారు. ఆ కాగితం ఆయనకు నిద్ర పట్టనివ్వలేదట. ఈసారి తన కళ్ల ముందే రక్తం తీయిద్దామని బాబురావును వెంట తెచ్చారు. గుమ్మంలో స్టూలు మీద మొగులయ్య దిగాలుగా కూర్చున్నాడు. బాబురావు ఆయనను దాటుకుని లోపలికి తొంగి చూశాడు.

"మొగులయ్య భాయ్ ఏడి?"

"ఈయనే కదయ్యా," అన్నారు డాక్టరుగారు.

"కాద్సార్. ఈయనెవరో నాకు తెల్వది. మొగులయ్యంటే సన్నగుంటడు."

సావిత్రి చేతిలోని హారతి పళ్లెం కిందపడింది. డాక్టరుగారు నెమ్మదిగా అడిగారు. "ఆ రక్తం ఎవరిదండీ?"

మొగులయ్య లేచి పరుగెత్తాడు. ఆశ్చర్యమేమిటంటే ఆయనకు ఆయాసం రాలేదు. నెల రోజుల గటక, నడక, మాత్రలు ఆయనను కుర్రవాణ్ణి చేశాయి. వీధి మలుపులో జనం ఆయనను చూడగానే ఒక్కసారిగా కేకలేశారు. "వచ్చిండ్రో! మన పహిల్వాన్ ఆగలేక వచ్చిండ్రో!" ఒకడు మెడలో దండ వేశాడు. నలుగురు భుజాల మీదికి ఎత్తుకున్నారు.

"దింపుండ్రి! సాయిలు! అరే దింపుండ్రి!"

ఆయన అరిచిన కొద్దీ డప్పులు జోరందుకున్నాయి. ఎత్తినవాళ్లు, "బావ మస్తు తేలికైండు!" అని ఇంకాస్త పైకి ఎగరేశారు. అంత ఎత్తు నుంచి ఆయనకు అంతా కనిపించింది. బాద్షా ముందుకాళ్లు ఎత్తింది. తాడు పట్టిన సాయిలు నవ్వుతూ, నవ్వుతూనే ఎడమ భుజం పట్టుకుని కూర్చుండిపోయాడు.

బాద్షా కాళ్లు దింపి అతనికి అడ్డంగా నిలబడింది, ఎవరూ తొక్కకుండా. మొగులయ్య కిందికి దూకి వచ్చేసరికి సాయిలు ఒళ్లంతా చెమట.

"బావా, తాడు నువ్వే పట్టుకో. అక్కకు నేను చెప్త," అన్నాడు.

డాక్టరుగారి కారులోనే పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అతని తల సత్తెమ్మ ఒడిలో ఉంది. పండుగ రద్దీలో నయాపూల్ మీద కారు ఆగింది. మళ్లీ కదిలేసరికి ఇక తొందరపడే పని లేకపోయింది.

ఒకరు వేసుకోవలసిన మాత్రలు ఇంకొకరు వేసుకున్నారు, నెయ్యి మానవలసిన మనిషే నెయ్యి తిన్నాడు. అందరూ ప్రేమగానే పెట్టారు. మొలతాడుకున్న ఆ తాళంచెవి ఇప్పటికీ సత్తెమ్మ దగ్గరే ఉంది, పెట్టె మాత్రం లేదు.

నెల తిరిగాక డాక్టరుగారు మొగులయ్య రక్తం తీయించారు, ఈసారి ఆయనదే. గుండెకు ఢోకా లేదన్నారు. ఆ మాట విని ఆ ఇంట్లో మొగులయ్య ఒక్కడే ఏడ్చాడు. ఆ తర్వాత ఆయన పాలలో చుక్క నీళ్లు కలపలేదు, మంచి క్యాన్ అంటూ వేరే పెట్టలేదు.

ఇప్పుడు పాల ఇన్‌స్పెక్టర్ వచ్చి శాంపిల్ అడిగినా, మొగులయ్య మొదట తన చొక్కా చేయి పైకి మడుస్తాడు.

— సత్తెమ్మ, అరవై రెండేళ్లు. ఇప్పుడు ఉంటున్నది సైదాబాద్‌లో, కూతురు అమల దగ్గర.