సర్క్యులర్ ఉండగా చట్టమెందుకు దండగ!

దేశానికి చట్టాలు దండగ. సర్క్యులర్లుంటే చాలు!

ఊరికే అనడం లేదు. ముప్పై ఒక్క ఏళ్లు పారిస్‌లో ఒక మంత్రిత్వ శాఖలో కూర్చుని సర్క్యులర్లు రాసినవాణ్ణి. వంటవాడు తన పులుసును తానే మెచ్చుకుంటే వింతేముంది?

చట్టం చేయాలంటే ఎంత యాతన! పార్లమెంటులో అరుపులు, సవరణలు, ఓట్లు. సర్క్యులర్‌కి అవేవీ అక్కర్లేదు. మంత్రిగారి పేరు, నాలాంటి గుమాస్తా, భోజనానికి ముందు ఒక అరగంట. చట్టం ‘నివాసం రుజువు చేసుకోవాలి’ అని ఒక్క ముక్క చెప్పి చేతులు దులుపుకుంటుంది. ఆ రుజువేమిటో జిల్లా ఆఫీసులకు విడమరిచి చెప్పే పుణ్యం ఎవరిది? నాది.

లా చదివిన పెద్దలు మాత్రం ఒప్పుకోరు. సర్క్యులర్ అంటే పై అధికారి కింది అధికారికి చట్టాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే ఉత్తరమేనట. చట్టంలో లేని షరతు అందులో పెడితే చెల్లదట. కోర్టుకెళితే జడ్జీగారు కొట్టేస్తారట. కొట్టేస్తారు, ఎవరు కాదన్నారు? రెండేళ్లకు కొట్టేస్తారు. ఈలోగా ఆ షరతు దేశంలోని కౌంటర్లన్నిటి మీదా హాయిగా కాపురం చేస్తూనే ఉంటుంది.

కౌంటర్లో కూర్చున్న మనిషి సంగతి కూడా చూడండి. చట్టం చదివి, సొంతంగా ఆలోచించి ‘సరే’ అన్నాడనుకోండి, రేపు తేడా వస్తే తప్పు అతనిది. సర్క్యులర్ చూసి ‘కాదు’ అన్నాడనుకోండి, తప్పు పారిస్‌ది. ఇన్ని వేలమందికి రాత్రిళ్లు కంటినిండా నిద్ర ప్రసాదించినవాణ్ణి నేను. నాకు విగ్రహం పెట్టలేదేమిటా అని అప్పుడప్పుడూ ఆశ్చర్యపోతుంటాను.

రిటైరయ్యాక నా భార్య ఒడెట్ సొంతూరు వచ్చేశాం. ఉత్తరాన, కాలువ ఒడ్డు ఊరు. జ్ఞానస్నానం రోజు చర్చిలో ఒడెట్ పేరు పెట్టిన, కూతురు వరస పిల్ల సిడోనీ ఇక్కడే సరుకు పడవ నడుపుతుంది. ముప్పై ఎనిమిది మీటర్ల పడవ. పుట్టిందీ అందులోనే, ఉంటున్నదీ అందులోనే. కిటికీలకు లేసు తెరలు, పైకప్పు మీద పూల కుండీలు.

మొన్న ఆమె పడవ లైసెన్స్ రెన్యువల్ ఆగిపోయింది. నివాసానికి రుజువు లేదన్నారు. సోమవారం గోధుమలు ఎక్కించాలి. పడవ రాకపోతే సరుకు లారీలకిచ్చేస్తామని రైతుల సొసైటీవాళ్లు తేల్చేశారు. ఈ సీజన్ పోతే సిడోనీ పడవ అమ్ముకోవాలి. పడవ పోతే పని ఒక్కటే కాదు, ఇల్లూ పోతుంది.

కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు, ఇంటద్దె రసీదు. ఈ మూడూ తప్ప మరేదీ చెల్లదని సర్క్యులర్‌లో ఉంది. ఆ ‘మరేదీ’ నా సొంత కవిత్వం. అప్పటికి నా ఎరికలో ఉన్న ఇళ్లన్నీ గోడలున్నవే మరి! నీళ్ల మీద కూడా మనుషులు కాపురముంటారని పారిస్‌లో నాకెవరూ చెప్పలేదు. ఇంట్లో ఒడెట్‌ని నేనూ అడగలేదు.

టై కట్టుకుని సిడోనీతో పాటు జిల్లా ఆఫీసుకు వెళ్లాను. కౌంటర్లో మదాం బోదెల్ అనే ఆవిడ ఉంది.

“సర్క్యులర్‌కి చట్టబలం లేదమ్మా,” అన్నాను గంభీరంగా.

“తెలుసు సార్. ఉద్యోగం పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. నాకు ఇరవైకి పదిహేడు.”

“మరింకేం?”

“మా పైఆయన చట్టం చదవడు. ఇది చదువుతాడు.”

సిడోనీకి ఒళ్లు మండింది. “పడవ అదుగో, వంతెన కింద కట్టేసుంది. వచ్చి చూసుకోండి. మంచం ఉంది, పొయ్యి ఉంది, పిల్లి కూడా ఉంది.”

“పిల్లి లిస్టులో లేదు తల్లీ,” అంది మదాం బోదెల్. వెటకారం కాదు, నిజంగానే దిగులుగా అంది.

ఇక బ్రహ్మాస్త్రం తీశాను. “ఆ లిస్టు రాసింది నేనే.”

ఆవిడ లేచి నిలబడుతుందనుకున్నాను. లేవలేదు. సర్క్యులర్ తీసి, చివరి వాక్యం మీద వేలు పెట్టింది. ‘అమలులో ఇబ్బందులేమైనా ఎదురైతే మా దృష్టికి తీసుకురాగలరు.’

“ఇదీ మీరే రాశారా?”

“నేనే.”

“నాలుగు ఉత్తరాలు రాశాను సార్, పడవలవాళ్ల గురించి. మూడోది ఈ అమ్మాయి గురించే, లైసెన్స్ గడువు రాకముందే, పోయిన చలికాలం రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు.”

పోయిన చలికాలం ఆ ఉత్తరాలు చేరే కుర్చీలో ఉన్నది నేనే. అలాంటి ఉత్తరాల కోసం నా దగ్గర ఒక ఆకుపచ్చ ఫైలు ఉండేది. చదివితే సర్క్యులర్ దిద్దాలి, దిద్దితే తప్పు రాశానని ఒప్పుకోవాలి. అందుకని కవరు విప్పకుండానే అందులో పెట్టేవాణ్ణి. ‘ఇబ్బందులేవీ లేవు’ అని ఏటా పైకి రిపోర్టు రాసేవాణ్ణి. సిగ్గుతో నాకు తలెత్తబుద్ధి కాలేదు.

సిడోనీ కాగితాలు సర్దుకుని మెట్లు దిగుతూ అడిగింది.

“బాబాయ్, ఇప్పుడు మీ కుర్చీలో ఎవరున్నారు? సోమవారం లోపు వాళ్లకో ఉత్తరం రాసి చూద్దామా?”

ఆ కుర్చీలో ఉన్నావిడ నా దగ్గరే పని నేర్చుకుంది. మంచి మనిషి, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. ఆకుపచ్చ ఫైలు ఏ అరలో ఉంటుందో, అందులో ఏం పెట్టాలో దగ్గరుండి చూపించి మరీ వచ్చాను.