మామగారి మంచి కాలు

ఆ ఉదయం కోడలి పథకం చాలా చిన్నది. మామగారి చీలమండకు టేపు చుట్టి సాధన చేసుకోవడం, క్లినిక్కులో ఎముకల డాక్టరు ముందు ఆ పనే చేసి మెప్పించడం. ఆటగాళ్లు మైదానంలో పడే క్షణమే కాదు, మళ్లీ లేచి నడిచే రోజూ చూడాలని జట్టును వదిలి క్లినిక్కులో చేరిన, ఆటగాళ్ల దెబ్బలకు కట్లు కట్టే అథ్లెటిక్ ట్రైనర్ ఆమె. ఉద్యోగంలో ఉంచాలా, పంపాలా అన్నది డాక్టరు ఆ రోజే తేలుస్తానన్నాడు.

"కదలకండి మామయ్యా!"

"కదిలితే ఊడిపోయేదైతే అదేం కట్టమ్మా?"

తీరా చుట్టాక ఆయన మురిసిపోయి, విప్పనివ్వలేదు. కోడలు క్లినిక్కుకు వెళ్లగానే ప్యాంటు మోకాలిదాకా మడిచి వీధిలో పడ్డాడు.

"అయ్యో బాబాయ్, కాలికేమైంది?" ఎదురింటి డ్రైవరు అడిగాడు.

"మా కోడలి పనేరా!" అన్నాడాయన ఛాతీ విరుచుకుని.

అంతే. ఆ కబురు వీధి మలుపు తిరిగేసరికి ఆయన కాలు రెండు చోట్ల విరిగింది. విరగ్గొట్టింది కోడలేనని కూరగాయలమ్మి ఒట్టేసి మరీ చెప్పింది.

"నడవగలనురా, దించు!"

"షాకులో ఉన్నావు బాబాయ్, మాట్లాడకు!" అంటూ డ్రైవరు ఆయన్ని భుజానేసుకుని క్లినిక్కుకు పరుగెత్తాడు. వెనక సగం వీధి.

"ఇదిగో, విరగ్గొట్టింది ఈవిడే!" అరిచింది కూరగాయలమ్మి. డాక్టరు కోడలి వంక చూశాడు. ఆమెకు ఉద్యోగం గడప దాటిపోతున్నట్టే ఉంది.

సరిగ్గా ఆ గడప మీదే డ్రైవరు కాలు మడతపడింది. మామగారు టేపు కాలి మీద నిటారుగా దిగి నిలబడ్డాడు. డ్రైవరు కూలబడ్డాడు.

ఎవరూ కెవ్వుమనకముందే కోడలు అతని పక్కన మోకాళ్ల మీద ఉంది. ఎముక వెంట వేళ్లతో నొక్కింది. "ఇక్కడ నొప్పా అన్నా? ఇక్కడ? లేచి నాలుగడుగులు వెయ్యి చూద్దాం... బెణుకే, భయంలేదు." ఐసు పెట్టి, టేపు చుట్టింది. చేయి ఒక్కసారీ తడబడలేదు.

డాక్టరు తనూ నొక్కి చూసి తలూపాడు. "మైదానాన్నే నా గుమ్మంలోకి తెచ్చావేంటమ్మా! ఇక నువ్వెక్కడికీ వెళ్లడానికి లేదు."

"నా కాలి మీద సాధన చేసిన చెయ్యండీ అది!" అన్నాడు మామగారు, కళ్లు తుడుచుకుంటూ.

సాయంత్రం ఆయన భుజం పట్టుకుని డ్రైవరు నిజంగానే కుంటుతూ వచ్చాడు. క్లినిక్కుకు రాని సగం వీధిలో ఒక్కరూ ఆ బెణుకును నమ్మలేదు.