గీతకు దూరంగా కూర్చున్న చుక్క

సోమవారం ఉదయం, గ్రాఫులో గీతకు దూరంగా పడిన చుక్క ఒకటి కంప్యూటర్ తెర దిగి వచ్చి, సాధన ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగింది. సాధన సీసా అందించి, విజిటర్ పాస్ తేవడానికి లేచింది. ఆ మందుల కంపెనీలో చుక్కలు దిగి రావడం కొత్తేమీ కాదు. ఏ గేటు గుండా వచ్చారో పాస్ మీద రాయాలి కాబట్టి, ఇలాంటి వాళ్లకు సెక్యూరిటీవాళ్లు 'లోపలి నుంచే' అని రాసి ముద్ర వేసేవారు.

సాధన అక్కడ డేటా సైన్స్ అప్రెంటిస్. వారంలో నాలుగు రోజులు కంపెనీలో పని, ఐదో రోజు కాలేజీలో పాఠాలు. ఇలా మూడేళ్లు గడిస్తే చేతికి డిగ్రీ వస్తుంది. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేసే వాళ్ల నాన్న, తన కూతురు మందులు కనిపెడుతోందని అందరికీ చెప్పుకున్నాడు. నిజానికి ఆమె పని చుక్కలకు నచ్చజెప్పడం. పెద్ద పెద్ద స్టాటిస్టీషియన్లు చుక్కలతో మాట్లాడరు, గీతలతోనే మాట్లాడతారు. దిగి వచ్చిన చుక్కను బతిమాలి గీత దగ్గరికి జరపడం, వినకపోతే గ్రాఫు వదిలి వెళ్లిపోయేలా ఒప్పించడం అప్రెంటిస్ వంతు. సాధనకు అది బాగానే చేతనవును. ఇంట్లో అలిగిన వాళ్లను అన్నానికి లేపుకొచ్చేది చిన్నప్పటి నుంచీ ఆమే.

తెర మీద ఆవగింజంత ఉన్న చుక్క కుర్చీలోకి వచ్చేసరికి నడివయసు ఆడమనిషి అయింది. గ్రాఫులో చుక్కలన్నీ నీలం కాబట్టి ఆమె చీర, గాజులు, చివరికి గోళ్లు కూడా నీలమే. పేరు పైడితల్లి. పూడిమడక ఒడ్డున చేపలు ఎండబెట్టే పని. కంపెనీ కొత్తగా చేసిన మోకాళ్ల నొప్పి మాత్రను ముందుగా వేసుకుని చూడడానికి ఒప్పుకున్న వాళ్లలో ఒకతె. మిగతా అందరికీ నొప్పి తగ్గి, వాళ్ల చుక్కలు గీత వెంట బుద్ధిగా బారు తీరాయి. ఈమెకు మాత్రం పెరిగింది. అందుకే పైన ఓ మూల ఒక్కతే మిగిలింది.

"కొంచెం కిందికి జరగండమ్మా. అందరితో పాటు ఉండొచ్చు," అంది సాధన.

"జరిగితే నొప్పి తగ్గుద్దేటమ్మా?"

"తగ్గదు. తగ్గినట్టు కనిపిస్తుంది."

"కనిపిత్తే నానేటి సేసుకోను? సేపల బుట్ట నువ్వొచ్చి ఎత్తుతావేటి?"

సాధన నచ్చజెప్పడం పక్కనపెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, మాత్ర ఎలా వేసుకున్నారని అడిగింది.

"పొద్దున్నే ఏసుకోమన్నారు, ఏసుకున్నాను. సీకటితో ఒడ్డుకెల్తే మద్దినేల దాకా మెతుకు ముట్టను. ఉత్త కడుపున మాత్ర పడితే ఒకటే మంట. రెండ్రోజులు సూసి మానీసినాను. ఆ ముక్క సెప్పినాను గాని ఎవులూ రాసుకోనేదు."

సాధనకు ఒళ్లు పులకరించింది. మందు సంగతి ఆమెకు నిజంగా తెలిసింది అదే మొదటిసారి. గ్రాఫు వెనక ఉన్న పట్టికలో వయసు, బరువు, ఎత్తు అన్నీ ఉన్నాయి. ఎప్పుడు తింటారన్నది మాత్రం లేదు. ఆమె దాదాపు పరుగెత్తుకుంటూ తన పై అధికారి గోవర్ధన్ గదికి వెళ్లి, తిండి వేళ అని ఒక గడి చేర్చమని అడిగింది. ఆయన సౌమ్యుడు. ఆలోచిద్దామన్నాడు.

ఆయన ఆలోచిస్తూ ఉండగానే, ఒక చుక్కకు కుర్చీ వేసి కబుర్లు అడిగారన్న వార్త తెరలో పాకి, మిగతా చుక్కలు కూడా దిగడం మొదలుపెట్టాయి. కారిడార్ నీలమైపోయింది. క్యాంటీన్‌లో ఇంకో బాణలి ఉప్మా చేశారు. గోడలకు ఆనుకోవద్దని, రంగు అంటుతుందని మైకులో చెప్పారు.

"మీరంతా గీత మీదే ఉన్నారు కదండీ, మీరెందుకు దిగారు?" అని సాధన తన ముందు నిలబడ్డ అప్పలస్వామి అనే చుక్కను అడిగింది. ఆయన మీసాలు కూడా నీలం.

"మాకూ అంతగా తగ్గనేదు తల్లీ. డాక్టరుబాబు నించునే, 'తగ్గింది కదా?' అని అడిగీసీవోడు. బయట సూత్తే జనం. పాపం ఆ బాబు మొకం సూసి, తగ్గిందండీ అనీసీవోళ్లం."

చుట్టూ ఉన్నవాళ్లు అవునవునని నవ్వారు. సాధన నవ్వలేకపోయింది. తెర మీద ఒక్క చుక్క లేదు. గీత ఒక్కటే మిగిలింది. మందు పోయినట్టే, దాని మీద రాస్తున్న తన ప్రాజెక్టు పోయినట్టే, డిగ్రీ కూడా పోయినట్టే అనుకుంటూ గోవర్ధన్‌ను పిలుచుకొచ్చింది.

ఆయన చాలాసేపు తెరనే చూశాడు. కళ్లు చెమర్చాయి.

"ఎంత శుభ్రంగా ఉంది!"

"చుక్కలే లేవు సార్."

"చుక్కలే లేనప్పుడు దూరంగా ఉన్నవీ లేనట్టే కదమ్మా."

మధ్యాహ్నం కమిటీ కూర్చుంది. సాధన ధైర్యం చేసి లేచి, ఈ మందు పనిచేస్తుందో లేదో మనకు తెలియదని చెప్పింది. కమిటీవాళ్లు 'మంచి మాట' అన్నారు. మంచి మాట వచ్చిందని మినిట్స్‌లో రాయించి, మందుకు ఆమోదం తెలిపారు. తిండి వేళ గడిని కూడా ఒప్పుకున్నారు. పట్టికలో మనుషులే లేరు కాబట్టి దాన్ని నింపే శ్రమ ఎవరికీ లేదన్నారు. డేటాను ఇంత శుభ్రం చేసిన అప్రెంటిస్ ఇంతవరకు రాలేదని చప్పట్లు కొట్టారు.

సాయంత్రం చుక్కలను కంపెనీ బస్సు ఎక్కించారు. సాధన పైడితల్లి పక్కన కూర్చుని, ఉత్త కడుపున ఇంకే మాత్రా వేసుకోవద్దని మరీ మరీ చెప్పింది.

"వచ్చే నెల దగ్గు మందుకి రమ్మన్నారమ్మా. అందరం వత్తాం. టిపినీలు బాగున్నాయి," అంది పైడితల్లి.

"అప్పుడైనా ఉన్నదున్నట్టు చెప్పండమ్మా."

"కూకుని అడిగితే సెప్తాం. నించుని అడిగితే తగ్గిందనే సెప్తాం."

బస్సంతా గొల్లుమంది. ఈసారి సాధన కూడా నవ్వింది.

శుక్రవారం కాలేజీలో స్టాటిస్టిక్స్ మాస్టారు ఆ రోజు పాఠాన్ని గబగబా బోర్డు మీద రాసి, సుద్దముక్క పడేసి, సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్లాడు. అక్కడ ఆగి వెనక్కి తిరిగాడు.

"అర్థమైంది కదా?"

"అర్థమైంది సార్," అంది క్లాసంతా.

అందరికంటే గట్టిగా వినిపించింది సాధన గొంతే.