ముప్ఫై గ్రాముల నేరం

సంస్థ ఆవరణలోని లోహాలు ఇకమీదట ముందస్తు అనుమతి లేకుండా బరువు పెరగరాదనీ, తగ్గరాదనీ డైరెక్టరుగారు ఉత్తర్వు జారీ చేశారు. ప్రతులు అన్ని తలుపులకూ అంటించారు. లోహాలు చదువుకోవడానికి వీలుగా తలుపు అడుగున కూడా ఒకటి అంటించారని కొందరంటారు గానీ అది గిట్టనివాళ్ల మాట. పైన చోటు చాలక కింద అంటించారు, అంతే.

ఈ ఉత్తర్వుకు చరిత్ర ఉంది. కిందటేడు మూడో అంతస్తు స్నానాలగదిలో ఇత్తడి కుళాయి ఒకటి మాయమైంది. దొంగ దొరకలేదు. దొంగ దొరకనప్పుడు దొరికినవాళ్లందరి మీదా నిఘా పెట్టడం న్యాయం కాబట్టి, సంస్థలోని ప్రతి లోహపు వస్తువునూ సోమవారం సోమవారం తూచాలని తీర్మానించారు. అందుకోసం కొత్తగా ఒకాయన్ని వేశారు. అందరూ ఆయన్ని తూకాలాయన అనేవారు. బీరువాలు, స్టూళ్లు, గోడగంట, డైరెక్టరుగారి బల్లమీది పేపరువెయిటు, అన్నీ వారానికోసారి తక్కెడ ఎక్కి దిగేవి. ఏడాది పొడుగునా ఏ బీరువా ఒక్క గ్రాము అటూ ఇటూ కాలేదు. బీరువాల్లో ఇంత క్రమశిక్షణ నెలకొల్పినందుకు డైరెక్టరుగారికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

చిక్కంతా లోహాలమ్మ గదిలో వచ్చిపడింది.

లోహాలమ్మ శాస్త్రవేత్త. ఆ పేరు సంస్థవాళ్లు పెట్టింది. తొమ్మిదేళ్లుగా ఆవిడది ఒకటే పని, హైడ్రోజన్ని లోహంలో దాచడం. హైడ్రోజన్ మండితే పొగ రాదు, మసి రాదు, నీటి ఆవిరి వస్తుంది. అంత మంచి ఇంధనమే గానీ, ఒకచోట కుదురుగా ఉండదు. అందుకని ఆవిడ రెండు మూడు లోహాలు కరిగించి, కలిపి, స్పాంజి నీళ్లు పీల్చినట్టు హైడ్రోజన్ని పీల్చుకునే రెండు కిలోల ముద్ద తయారుచేసింది. ఉక్కుపాత్రలో పెట్టి హైడ్రోజన్ పంపితే ముప్ఫై గ్రాములు తాగుతుంది. కాస్త వేడి తగిలిస్తే తాగిందంతా బుద్ధిగా వదిలేస్తుంది. రోజుకు రెండుసార్లు తాగడం, రెండుసార్లు వదలడం. ఇలా వరుస తెగకుండా వెయ్యిసార్లు చేస్తే పైనుంచి నిపుణులు వచ్చి, చూసి, ఇది పనికొచ్చే లోహమని సంతకం పెడతారు. మధ్యలో ఆగిందా, మళ్లీ ఒకటి దగ్గర్నించి మొదలు. అప్పటికి ఆరు వందల నలభై అయ్యాయి.

తూకాలాయన ఎప్పుడూ సరిగ్గా తొమ్మిదింటికి, లోహం కడుపు ఖాళీగా ఉన్న వేళకే వచ్చేవాడు. ఆ సోమవారం పన్నునొప్పి వల్ల పన్నెండింటికి వచ్చాడు. పాత్రతో సహా తూచాడు. ముప్ఫై గ్రాములు ఎక్కువ.

"ఎక్కణ్ణించి తెచ్చారమ్మా ఇది?"

"తేలేదండీ. తాగింది."

"ఏం తాగింది?"

"హైడ్రోజన్."

తూకాలాయన గదంతా చూశాడు. గ్లాసు గాని, సీసా గాని కనబడలేదు. సంస్థ ఆస్తి పెరిగిందని రాసుకుని, బుగ్గ పట్టుకుని వెళ్లిపోయాడు. మరుసటి సోమవారానికి పన్ను నయమై తొమ్మిదింటికే వచ్చాడు.

"పోయినవారం ముప్ఫై గ్రాములు ఏవమ్మా?"

"వదిలేసిందండీ."

"ఎవరికి?"

జవాబు కోసం ఆగకుండానే తూకాలాయన, సంస్థ ఆస్తి ముప్ఫై గ్రాములు పరులపాలైందని రాసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే మనం పైన చూసిన ఉత్తర్వు వచ్చింది. ఆవిడ చేతిసంచీ వెతికారు. టిఫిన్ డబ్బా తూచారు. పొద్దున నిండుగా వచ్చిన డబ్బా సాయంత్రం ఖాళీగా వెళ్తున్న సంగతి బయటపడి, దాని మీద విడిగా ఒక ఫైలు తెరిచారు. ముందుజాగ్రత్తగా ఉద్యోగులందర్నీ భోజనానికి ముందూ తర్వాతా తూచి, తేడా వచ్చిన నలభై ముగ్గురిని సంజాయిషీ అడిగారు. డైరెక్టరుగారిని మాత్రం తూచలేదు. అంతటి తక్కెడ ఇంకా రావలసి ఉంది.

తర్వాత విచారణ కమిటీ వేశారు. నలభై ఏళ్లపాటు కార్యాలయాలకు కుర్చీలు ఎంపిక చేసి రిటైరైన పెద్దమనిషి అధ్యక్షుడు. అరుగుదల, విరుగుదల విషయాల్లో ఆయన్ని మించినవాళ్లు లేరు.

"మాకు నీమీద కోపమేం లేదమ్మా," అన్నాడు అధ్యక్షుడు. "ఆ హైడ్రోజన్ని ఒక్కసారి చూపించెయ్. అయిపోతుంది."

"కనిపించదండీ."

"పోనీ వాసన?"

"ఉండదండీ."

"రుచి?"

"అదీ లేదండీ."

"రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ముప్ఫై గ్రాములు మాత్రం ఉందంటావు."

"ఉందండీ."

నిందితురాలు నేరం ఒప్పుకోలేదనీ, పైగా వివరించిందనీ కమిటీ నమోదు చేసింది. వారంలోగా లోహాన్ని స్వాధీనం చేసుకుని బీరువాలో పెట్టి తాళం వెయ్యాలని సిఫారసు చేసింది.

ఆ సాయంత్రం లోహాలమ్మ ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది. అత్తగారు మడత పెడుతున్న బట్టలు ఆపి చూసింది.

"ఏమే, మళ్లీ డబ్బా తూచారా?"

"లోహాన్నే పట్టుకుపోతారట అత్తయ్యా. వరుస తెగితే అంతా మళ్లీ మొదటికొస్తుంది."

"తప్పేం చేసిందది?"

"తాగింది వదిలేస్తోంది."

"అదీ తప్పేనా? మీ మామయ్య నయం. ఎంత వేడి తగిలినా నోట్లోంచి ఒక్క ముక్క బయటికొచ్చేది కాదు. ఆయన్నయితే మీవాళ్లు మెడల్ వేసి కూర్చోబెట్టేవాళ్లు." అత్తగారు దిండుగలీబు దులిపింది. "వాళ్లకి అలాంటిదే ఒకటి ఇచ్చెయ్యరాదూ?"

కోడలు చెప్పులు విప్పబోయి ఆగింది.

అలాంటిది ఒకటి ఉంది. ఆవిడ మొట్టమొదట చేసి పారేసిన ముద్ద. ముప్ఫై గ్రాములు తాగింది, ఎర్రగా కాల్చినా చుక్క వదల్లేదు. దాన్ని పిసినారి అని తిట్టి అటక మీద పడేసింది. మర్నాడు దించి, దుమ్ము తుడిచి, కమిటీ ముందు పెట్టింది.

"ఇది తాగుతుందండీ, వదలదు. ఎన్ని సోమవారాలు తూచినా ముప్ఫై గ్రాములు ఎక్కువే. కాకపోతే, వదలనిది ఎవరికీ పనికిరాదు."

"ఎవరికీ పనికిరాకుండా ఉండటాన్నే భద్రత అంటారమ్మా," అన్నాడు అధ్యక్షుడు. చాలాకాలం తర్వాత ఆయన ముఖంలో నవ్వు కనిపించింది.

పిసినారికి అద్దాలపెట్టె చేయించారు. పక్కన కాపలా పెట్టారు. అసలు లోహాన్ని నడవడిక బాగాలేని సరుకుల పట్టీలో చేర్చి, పాత్రతో, గొట్టాలతో, చక్రాలబల్లతో సహా విరిగిన సామాన్ల గదిలోకి తోసేశారు. విరిగిన సామాన్లను తూచే నిబంధన లేదు. లోహాలమ్మ మనసులోనే అత్తగారికి ఒక దండం పెట్టుకుని, కాళ్లు లేని కుర్చీల మధ్య ప్లగ్గు వెతుక్కుంది. వరుస తెగలేదు.

ఆరు నెలలు గడిచాయి. వెయ్యోసారి పూర్తయ్యే రోజుకు నిపుణులు వస్తున్నారని తెలిసి డైరెక్టరుగారు పెద్ద హాల్లో సభ పెట్టించారు. ఉద్యోగుల కుటుంబాలకు కూడా ఆహ్వానాలు వెళ్లాయి. మూడు వందల మంది వచ్చారు.

"సోదరసోదరీమణులారా," అన్నారు డైరెక్టరుగారు. "ఇచ్చినదాన్ని పుచ్చుకోవడం ఎవరైనా చేస్తారు. పుచ్చుకున్నదాన్ని ఏ వేడికీ, ఏ ఒత్తిడికీ లొంగకుండా కడుపులో పెట్టుకు కూర్చోవడం మహనీయులకే సాధ్యం. ఈ లోహం మనందరికీ ఆదర్శం."

ముందువరుసలోని పెద్దలు కదిలిపోయారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. సాటివాణ్ణి గుర్తుపట్టినప్పుడు అలాగే అవుతుంది.

నిపుణులు అద్దాలపెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగారు. "ఇంతవరకు ఎన్నిసార్లు తిరిగి ఇచ్చింది?" అని అడిగారు.

"ఒక్కసారి కూడా లేదు," అన్నారు డైరెక్టరుగారు.

నిపుణులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పక్కకెళ్లి గుసగుసలాడుకున్నారు. తిరిగొచ్చి, తమ కార్యాలయానికి ఇలాంటివి పన్నెండు కావాలని అడిగారు.

లోహాలమ్మ వాళ్ల వెనకాలే తలుపుదాకా వెళ్లింది. "అయ్యా, అసలుది విరిగిన సామాన్ల గదిలో ఉందండీ. ఇంకో పది నిమిషాల్లో వెయ్యి పూర్తవుతుంది. ఒక్కసారి వచ్చి చూసి సంతకం పెట్టండి."

"ఆ గది మా కార్యక్రమంలో లేదమ్మా," అన్నారు నిపుణులు మర్యాదగా, భోజనాల వైపు నడుస్తూ.

ఆవిడ ఒక్కతే మెట్లు దిగి వెళ్లింది. గదిలో అత్తగారు, గదులు ఊడ్చే అక్క ఒక చెక్కపెట్టె మీద సర్దుకుని కూర్చున్నారు. లోహం వెయ్యోసారి వేడెక్కి, తాగిన ముప్ఫై గ్రాములూ వదిలింది. దాన్ని కరెంటుగా మార్చే చిన్న యంత్రం గుండా పంపితే, తీగ చివర బల్బు వెలిగింది. విరిగిన కుర్చీలన్నీ కనిపించాయి.

"బాగుందే," అంది అత్తగారు.

"నన్ను సంతకం పెట్టమంటారా అమ్మా?" అంది ఊడ్చే అక్క. "నాకు రాయడం వచ్చు."

పెట్టించుకుంది. ఆ కాగితం ఇప్పటికీ పైకార్యాలయంలో ఎవరి బల్ల మీదా లేదు.

బల్బు వెలగడం చూసినవాళ్లు ముగ్గురు. హాల్లో లేచి నిలబడి చప్పట్లు కొట్టినవాళ్లు మూడు వందల మంది. మీరు ఎటు వెళ్లారని నేను అడగను. మీరు మర్యాదస్తులు, పిలిచిన చోటికే వెళ్తారు. పైగా విరిగిన సామాన్ల గదిలో ఏసీ లేదు.