మార్చడానికి వీల్లేని ఇందుమతి

జిల్లా కార్యాలయం కిటికీ పీడీఎఫ్ రకం మనుషులనే లోపలికి తీసుకుంటుంది కాబట్టి, వర్డ్ రకంగా పుట్టిన ఇందుమతిని సోమవారం పదకొండు గంటలకు తిప్పి పంపేసింది. ఇందులో వింతేమీ లేదు. నిబంధన కిటికీ నెత్తినే రాసి ఉంది: అభ్యర్థి స్వయంగా కన్నంలోంచి దూరవలెను, పీడీఎఫ్ అయి ఉండవలెను, రెండు వందల కేబీ మించరాదు.

"అంగన్‌వాడీ టీచరు పోస్టుకండీ. పద్నాలుగో వార్డులో ఒక్కటే ఖాళీ," అంది ఇందుమతి.

"నువ్వు వర్డమ్మా," అన్నాడు గుమాస్తా. "ఎవరైనా తెరిచి నిన్ను మార్చేయొచ్చు. రేపు నువ్వు నువ్వేనని మాకేంటి నమ్మకం? పక్కన షాపుంది, పీడీఎఫ్ చేయించుకుని రా. సాయంత్రం దాకానే గడువు."

ఆయన మాటలో తప్పు లేదు. పదకొండేళ్ళ కాపురంలో ఇందుమతిని దిద్దని పాపాత్ముడు లేడు. అత్తగారు ఆమె గొంతును సగానికి తగ్గించింది. మొగుడు నిద్ర లేచే వేళను గంటన్నర ముందుకు జరిపాడు. పాలు పోయడానికొచ్చినాయన సైతం గుమ్మంలో నిలబడి ఆమె నవ్వులో చివరి ముక్క కొట్టేసి పోయాడు. వర్డ్ రకమంటే అంతే మరి, ఖాళీగా ఉన్నవాడల్లా ఓ చెయ్యి వేస్తాడు.

అదే ఇంట్లో చిన్నకోడలు స్వర్ణలత జేపీజీ రకం. బొమ్మ. చూసి మురిసిపోవడమే తప్ప అక్షరం దిద్దడానికి లేదు. అత్తగారు రెండుసార్లు ప్రయత్నించి, "ఏం చేస్తాం, అది అంతే," అని వదిలేసింది. ఆ "అది అంతే" అన్న మాట తనకు ఎందుకు రాసిపెట్టి లేదా అని ఇందుమతి కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. తోడికోడలు ఆరేసిన చీర చూసినా ఆమెకు కడుపు మండుతుంది. తను కాచిన పులుసే స్వర్ణలత వడ్డిస్తే లొట్టలేస్తారు, దిక్కుమాలిన జనం. ఈ ఉద్యోగమొకటి వస్తే పొద్దున తొమ్మిది నుంచి నాలుగు దాకా ఇందుమతి ఎవరి చేతికీ అందదు. ఆమెకు కావలసింది అంతే.

షాపులో మస్తాన్ వలీ ఆమెను కాటా ఎక్కించి చూశాడు. "మూడొందల పది కేబీ ఉన్నారమ్మా. ఏదన్నా తీసెయ్యాలి. మీలో పాటలు బాగా బరువున్నాయి."

ఇందుమతికి డెబ్బై పిల్లల పాటలు వచ్చు. వాటిని చూసుకునే ఈ పోస్టుకు ధైర్యం చేసింది. "దరఖాస్తులో పాటలేమైనా అడిగారా?"

"లేదమ్మా."

"అయితే తీసెయ్యి."

తీసేశాడు. "ఇక కదలకండి. మీట నొక్కేటప్పుడు మొహం ఎట్టా ఉంటే జన్మంతా అట్టానే. మళ్ళీ నావల్ల కూడా కాదు. మంచి సంగతేదైనా తలుచుకోండి."

తొమ్మిది గంటలకు బడి తాళం తీస్తున్న తన చేతిని తలుచుకుంది ఇందుమతి. సరిగ్గా అప్పుడే షాపు అద్దంలోంచి కిటికీ ముందు స్వర్ణలత కనబడింది. ఆమె జాకెట్టు చేతికి చిన్న చీటీ అంటించి ఉంది, దాని మీద పెన్నుతో పీడీఎఫ్ అని రాసి ఉంది. కిటికీ చీటీ చదివింది. మనిషిని చదవమని నిబంధనలో లేదు. స్వర్ణలత పైట సర్దుకుని లోపలికి జారిపోయింది.

ఇందుమతికి ఒళ్ళంతా భగ్గుమంది. మస్తాన్ వలీ మీట నొక్కాడు.

సాయంత్రం కిటికీ ఇందుమతినీ కిక్కురుమనకుండా తీసుకుంది. వరస నంబరు స్వర్ణలత తర్వాతది. పోస్టు స్వర్ణలతకు వెళ్ళింది. మూడో వారంలో ఇందుమతికి ఉత్తరం వచ్చింది: "తమరు అన్ని విధాలా నిబంధనలకు లోబడి ఉన్నారు. తమలో ఎట్టి మార్పూ అవసరం లేదు."

ఇంట్లో అత్తగారు, "ఆ ఏడుపుమొహం కాస్త సరిచెయ్యవే," అంటూ వచ్చి, గడ్డం పట్టి అటూ ఇటూ లాగి చూసింది. ఏమీ కదల్లేదు. "ఏం చేస్తాం, అది అంతే," అంది. పదకొండేళ్ళు కోరుకున్న మాట చెవిన పడినా ఇందుమతి మొహంలో సంతోషం పట్టలేదు, అక్కడ చోటు లేదు.

శ్రావణంలో వానకు స్వర్ణలత చీటీ ఊడిపోయింది. ఇంకొకటి అంటించుకుంది.

ఒకనాడు బడి నుంచి వస్తూనే ఆమె వంటింట్లోకి వచ్చింది. "అక్కా, పిల్లలు ఒకటే గోల. నాకు ఒక్క పాటా రాదు. మన బుడ్డోడికి పాడేదానివి కదా, అదొకటి నేర్పవా?"

ఇందుమతి నోరు తెరిచింది. లోపల వెతికింది. పాట ఉండాల్సిన చోట నున్నగా ఉంది.

స్వర్ణలత ఆమె మొహంలోకి చూసింది. "నేర్పకపోతే మానెయ్. మరీ ఇంత కుళ్ళు పనికిరాదక్కా," అని వెళ్ళిపోయింది.

పాటలు లేవని చెబుదామనుకుంది ఇందుమతి. చెప్పినా, ఎవరైనా ముందు మొహమే చదువుతారు. ఆమె కొంగు దోపుకుని అంట్ల ముందు కూర్చుంది. ఆ చోటు నుంచి ఆమెను ఇక ఎవరూ మార్చలేరు.